అవ్వ పుస్తకానికి పారాయణం

కువైట్‌లోని ఫింటాస్‌లో సముద్రానికి రెండు వీధుల ఇవతల, ఒక భవనం ఏడో అంతస్తులో, రోజూ పొద్దున పది గంటలకు ఒక పుస్తకానికి పసుపు కుంకుమ అందేవి. పువ్వు దొరికిన రోజు పువ్వు కూడా. పూజ చేసేది సుబ్బరత్నమ్మ. ఆ పుస్తకంలో ఏముందో ఆమెకు ఒక్క ముక్క తెలియదు. తెలియకపోతే భక్తికి వచ్చిన లోటేమిటి? రోజూ చదివే నామాలకు మనలో ఎంతమందికి అర్థం తెలుసు గనక?

సుబ్బరత్నమ్మది రాజంపేట దగ్గర పల్లె. నలభై ఆరేళ్లు. మొగుడు చిన్నపుల్లయ్య రెండెకరాల బొప్పాయి తోట చూసుకుంటూ, వారానికి రెండుసార్లు ఫోన్ చేసి తోటకు పట్టిన తెగులు గురించి చెప్పి పెట్టేస్తాడు. ఆమె కువైట్ వచ్చి పదమూడేళ్లయింది. మొదటి పదకొండేళ్లు ఒక కువైటీ ఇంట్లో పనిచేసింది. అక్కడ అరబ్బీ నేర్చుకున్న పద్ధతి మన సీమ ఆడవాళ్లందరి పద్ధతే. ఒక నోటుబుక్కు కొనుక్కుని, మామా, అంటే ఇంటి యజమానురాలి, నోటి నుంచి మాట పడ్డది పడ్డట్టు తెలుగక్షరాల్లో రాసుకోవడం. 'జీబి మాయ్' అంటే నీళ్లు తే. 'సక్కరి బాబ్' అంటే తలుపు మూయి. ఏడో తరగతి చదువుతో అలా రెండు నోటుబుక్కులు నింపింది.

ఆ మామా తన పిల్లలు పెద్దవాళ్లయ్యాక, వాళ్లకు ఒకప్పుడు చదువు చెప్పిన నోరీన్ అనే టీచరుకు సుబ్బరత్నమ్మను అప్పగించి, ఇఖామా, అంటే ఆ దేశంలో ఉండే అనుమతి, కూడా ఆమె పేరు మీదికి మార్పించింది. నోరీన్‌ది ఐర్లండు. అలవాటు చొప్పున సుబ్బరత్నమ్మ ఆమెనూ మామా అనే పిలిచింది. వాళ్లిద్దరి మధ్యా నడిచేది సగం అరబ్బీ, పావు ఇంగ్లీషు, మిగతాది చేతులు తిప్పడం. మనం తెలుగులోనే చెప్పుకుందాం.

నోరీన్ తల్లి పేరు బ్రీజ్. ఎనభై నాలుగేళ్లు. చూసుకునేవాళ్లు లేక కూతురు వెంట తెచ్చుకుంది. పక్షవాతం వచ్చి కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. వాటితోపాటు ఇంగ్లీషు కూడా పోయింది. మతి మాత్రం గట్టిదే. పుట్టినప్పుడు నేర్చిన భాష ఒక్కటే మిగిలింది.

"తెల్లోళ్లకు ఇంగ్లీషు కాకుండా ఇంగో భాష ఉంటాదా?" అని సుబ్బరత్నమ్మ ఆశ్చర్యపోయింది. ఉంటుందట. వాళ్ల దీవిలో పూర్వం నుంచి ఉన్న భాష అదేనట, ఇంగ్లీషు తరవాత వచ్చి ఇల్లు ఆక్రమించిందట. పాపం అనుకుంది. మొదటి రోజు నుంచే ముసలామెను 'అవ్వా' అని పిలిచింది.

నోరీన్ ఉదయం ఆరున్నరకు బడికి పోతే మూడింటికి గానీ రాదు. చదవడానికి అవ్వకు చూపు ఆనదు. ఎవరితోనూ మాట లేదు. రోజంతా కిటికీ వైపు చూస్తూ, నోట్లో ఏదో నములుతున్నట్టు పెదవులు కదుపుతూ కూచునేది. అన్నం తగ్గించింది. అప్పుడు నోరీన్ ఒక ఉపాయం చేసింది. పెట్టె అడుగు నుంచి ఒక చిన్న పుస్తకం తీసింది. అట్ట వెలిసిపోయి, అంచులు చివికిపోయి ఉంది.

"ఇది మా అమ్మ ప్రాణం, రత్నా. జాగ్రత్త. మళ్లీ కావాలన్నా దొరకదు. నేను సాయంత్రం రెండు పేజీలు చదివి ఫోన్లో రికార్డు చేస్తాను. నువ్వు నీ నోటుబుక్కులో రాసుకుని పొద్దున అమ్మకు చదివి వినిపించు. అర్థం అక్కర్లేదు. చెవిన పడితే చాలు."

ఆ అట్ట మీద బొమ్మ చూసింది సుబ్బరత్నమ్మ. నెత్తిన నీలం గుడ్డ కప్పుకున్న ఒక పడుచు. వెనక సముద్రం. చేతిలో ఏదో చీటీ. తల చుట్టూ తెల్లగా పొగ. ధూపం కాక మరేమిటి? పుస్తకం ఉండేది అవ్వ జపమాల పక్కన. ఇంతకన్నా రుజువేం కావాలి?

రుజువులు ఇంకా వచ్చాయి. మొదటి రోజు ఆమె తడబడుతూ చదువుతుంటే అవ్వ కళ్లు పెద్దవయ్యాయి. రెండో పేజీకి వచ్చేసరికి, ఆమె నోరు తెరవకముందే అవ్వ తర్వాతి మాట అనేసింది. ఆ తర్వాతిదీ అంది. పుస్తకం మొత్తం కంఠతా వచ్చు! ఒక చోట ఎడమ చేత్తో గుండెల మీద సిలువ గుర్తు వేసుకుంది. ఇంకో చోట కళ్లనీళ్లు పెట్టుకుంది. పైగా ప్రతి రెండు మూడు వరుసలకూ 'దూర్త్ షీ' అనో 'దూర్త్ షే' అనో వస్తూనే ఉంది. మన నామాల చివర నమః వచ్చినట్టు. సుబ్బరత్నమ్మ ఆ మాట వచ్చినప్పుడల్లా ఒక చేత్తో దండం పెట్టుకోవడం మొదలుపెట్టింది.

సరిగ్గా ఆ వారంలోనే స్నానం చేస్తుంటే ఎడమ రొమ్ములో గడ్డ చేతికి తగిలింది. శనగ గింజంత ఉంది. నొప్పి లేదు. ఆమె సబ్బు పట్టుకుని చాలాసేపు అలాగే నిలబడిపోయింది. ఎందుకంటే ఆ గడ్డ ఆమెకు తెలుసు. వాళ్లమ్మకు అదే వచ్చింది. తిరుపతికి తీసుకుపోయి కోయించారు, మూడు నెలలకు మోసుకొచ్చారు. కోయడం వల్లే అమ్మ పోయిందని సుబ్బరత్నమ్మ నమ్మకం. అసలే కోయడమంటే భయం, ఆ పైన ఇంకో భయం. మెడికల్‌లో అన్‌ఫిట్ అని రాస్తే ఇఖామా ఖలాస్, మనిషిని విమానం ఎక్కిస్తారని అందరూ చెప్పుకునేదే.

రెండు నెలలు ఎవరికీ చెప్పలేదు. గడ్డ పెరిగింది. అప్పుడు మొక్కుకుంది. అవ్వ పుస్తకానికి ఒక మండలం, నలభై ఒక్క రోజులు, నిష్ఠగా పారాయణం చేస్తానని. గడ్డ కరగాలి, అంతే. ఏ దేవుడన్న పట్టింపు లేదు. దర్గాలో చక్కెర చదివించి, మర్నాడే కొండకెళ్లి తలనీలాలిచ్చే సీమలో పుట్టిన మనిషి. ఐర్లండు దేవుడు బరువా?

నిష్ఠ అంటే మామూలు నిష్ఠ కాదు. తలస్నానం చేశాకే పుస్తకం ముట్టేది. మాంసం మానేసింది. నోరీన్ వండుకునే కూరల వాసన తగలకుండా పుస్తకాన్ని ఉతికిన గుడ్డలో చుట్టి అవ్వ గదిలో పెట్టేది. ముట్టయిన ఐదు రోజులు దూరంగా కూచుంది. ఆ ఐదు రోజులూ అవ్వ అలిగి గంజి కూడా తాగలేదు. ఆరో రోజు లెక్క మళ్లీ అందుకుంది. నోరీన్‌కు ఇవేవీ చెప్పలేదు. పెదవి దాటితే పృథివి దాటుతుందంటారు, మొక్కు బయటపడితే ఫలం పోతుందని ఆమె భయం. అట్ట మీది పసుపు మరకలు చూసి వంటింటి మరకలనుకుంది నోరీన్.

చెప్పింది ఒక్కరికే. మహబూలాలో ఉండే ఖాతూన్ బీకి. ఇద్దరూ ఒకే విమానంలో వచ్చారు, ఒకే రోజు ఏడ్చారు. శుక్రవారం సెలవు నాడు ఆమె గదిలో కూచుని ఇంత ఉప్మా తింటూ చెప్పింది.

ఖాతూన్ బీ చేతిలో గరిటె కింద పెట్టేసింది. "ఏందిమే నువ్వు చెప్పేది? గడ్డ గడ్డే. పుస్తకాలకు కరుగుతాదా అది? పా, రేప్పొద్దున్నే ఆసుపత్రికి పోదాం. నేనొస్తా తోడు."

"మా యమ్మను గూడా ఇట్లనే పా పా అని తీసకపోయిరి. కోసిరి. పాయె. నాకొద్దు తల్లా. ఇరవై రెండు దినాలు అయిపోయినాది. రొంత మెత్తబడినట్టే ఉండాది."

"అది యా దేవుని పుస్తకం మే?"

"యా దేవునిదైతే ఏమి? అవ్వకు కంఠతా వస్తాది. వింటా వింటా కండ్లనీళ్లు పెట్టుకుంటాది. ఉత్త పుస్తకానికి ఎవురైనా ఏడుస్తారా?"

"అరబ్బోళ్ల దేశంలో, ఐర్లండోళ్ల పుస్తకానికి, రాజంపేటదాని మొక్కు!" అని నెత్తి కొట్టుకుంది ఖాతూన్ బీ. "యా అల్లా, నువ్వే సూసుకో దీన్ని."

మెత్తబడిందన్నది అబద్ధం. అది సుబ్బరత్నమ్మకూ తెలుసు. ఇరవై రెండో రోజుకు గడ్డ రేగుపండంత అయింది. అయినా నమ్మకమన్నది వడ్డీ వ్యాపారి లాంటిది, ఎంత పోసినా ఇంకాస్త పొయ్యమంటుంది. ఇంకా నిష్ఠ పెంచింది. రాత్రి భోజనం మానేసి రెండు అరటిపళ్లతో సరిపెట్టింది.

ముప్పైతొమ్మిదో రోజు వచ్చింది. చివరి మూడు రోజులూ హారతి కూడా ఇవ్వాలనుకుని మిర్కాబ్‌లో మనవాళ్ల కొట్టు నుంచి కర్పూరం తెప్పించుకుంది. అవ్వను చక్రాల కుర్చీలో ఎదురుగా కూచోబెట్టి, పుస్తకం ముందు పళ్లెంలో గుప్పెడు కర్పూరం వెలిగించి, గంట లేదు గనక గరిటెతో గిన్నె మీద కొట్టింది. అవ్వ ముచ్చటగా చూసింది. హారతి లేచింది. దాని వెనకే పైకప్పు నుంచి సైరన్ లేచింది.

ఆ భవనంలో పొగ తగిలితే మోగే యంత్రం ఉంటుందని ఆమెకు తెలుసు. దేవుడి పొగకు కూడా మోగుతుందని మాత్రం తెలియదు. కింద నుంచి భవనం కాపలాదారు తౌఫిక్ ఏడంతస్తులు మెట్లెక్కి పరుగెత్తుకొచ్చాడు. తలుపు తీస్తే లోపల పొగ, పువ్వులు, పసుపు, పకపకా నవ్వుతున్న ముసలామె. కిటికీలన్నీ బార్లా తెరిచి, సైరన్ ఆపించి, నోరీన్‌కు ఫోన్ చేశాడు. ఇల్లు తగలబడలేదు, కానీ మీరు రావడం మంచిదన్నాడు.

ఇరవై నిమిషాల్లో నోరీన్ వచ్చింది. తల్లిని తడిమి చూసుకుంది. తర్వాత పళ్లెం చూసింది. ఆ తర్వాత కుంకుమ బొట్టు పెట్టుకున్న పుస్తకాన్ని చూసింది.

"ఇదేంటి రత్నా?"

"పూజ మామా."

"ఎవరికి?"

"ఈ పుస్తకానికే."

నోరీన్ మొహంలో ఏమీ తెలియలేదు. "రోజూ ఏం చేస్తావో ఒకసారి చేసి చూపించు" అంది. తప్పుపట్టలేదని ధైర్యం వచ్చి సుబ్బరత్నమ్మ నోటుబుక్కు తీసింది. కళ్లకద్దుకుంది. ఆనాటి భాగం రాగం తీస్తూ చదివింది. దూర్త్ షీ అన్న చోటల్లా దండం పెట్టింది. నాలుగు వరుసలు అయ్యాయో లేదో నోరీన్ మొహం టమాటా అయింది. గోడకు చేరగిలబడి, అక్కడి నుంచి జారి నేల మీద కూలబడి, కడుపు పట్టుకుని నవ్వింది. అవ్వ కూడా అందుకుంది. తల్లీకూతుళ్లు నవ్వుతుంటే మధ్యలో సుబ్బరత్నమ్మ చేతులు జోడించుకుని నిలబడి ఉంది.

"ఏమి చదివినానో చెప్పు మామా" అంది చివరికి.

నోరీన్ కళ్లు తుడుచుకుంది. "నోలా అనే పిల్ల అటక మీద గడ్డిలో పడవవాడి చొక్కా బొత్తాలు విప్పుతోంది. అదే సమయానికి కింద బ్యాంకు గుమాస్తా, నీ కూతుర్ని నాకిచ్చి పెళ్లి చెయ్యమని వాళ్ల నాన్నను అడుగుతున్నాడు."

సుబ్బరత్నమ్మ పుస్తకం అందుకుంది. "నోలా అంటే ఈ యమ్మే గదా?" అని అట్ట మీద బొమ్మ చూపించింది. "దేవత గదా?"

"కాదు. పోస్టాఫీసులో పనిచేసే పిల్ల. ఊళ్లోవాళ్ల ఉత్తరాలు కెటిల్ ఆవిరికి పట్టి విప్పి చదువుతుంది. ఆ పొగ అదే."

"దూర్త్ షీ అంటే?"

"'అంది' అని. ఆమె అంది. దూర్త్ షే అంటే అతనన్నాడు."

ముప్పైతొమ్మిది రోజులు 'అంది'కి దండం పెట్టింది. తలస్నానాలు చేసి, నోరు కట్టుకుని, మడి కట్టుకుని, ఎవరో పిల్ల ఎవరిదో చొక్కా విప్పుతుంటే హారతిచ్చింది. నెత్తిన పిడుగు పడ్డట్టయింది సుబ్బరత్నమ్మకు. సిగ్గుతో మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

నోరీన్ ఆమెను కూచోబెట్టి అసలు సంగతి చెప్పింది. ఆ పుస్తకం రాసింది అవ్వే. యాభై ఏళ్ల కిందట, వాళ్ల దీవిలో పోస్టాఫీసు నడుపుతూ, బల్ల మీద స్టాంపులకూ ముద్రలకూ మధ్య రాసింది. అప్పట్లో వాళ్ల భాషలో అచ్చయ్యేవి ప్రార్థనలు, వ్యాకరణాలు, కడలిలో మునిగిపోయిన జాలర్ల మీద శోకపాటలు. పొద్దుపోవడానికి చదివే పుస్తకం కావాలంటే ఇంగ్లీషులో కొనుక్కోవాలి. నవ్వుకోవడానికి కూడా పరాయి భాష దగ్గరికే పోవాలా అని అవ్వకు కోపమొచ్చింది. ప్రేమ, దొంగ ఉత్తరాలు, ఒక శవం, ఇద్దరు మగాళ్లు కలిపి ఈ కథ కట్టింది. పాదిరి గుడిలో దీని పేరెత్తి తిట్టాడు. పండితులు ఇదీ ఒక పుస్తకమేనా అన్నారు. అందరూ శ్రీవైష్ణవులే, బుట్టలో రొయ్యలన్నీ మాయమని, అచ్చేసిన కాపీలన్నీ నాలుగు నెలల్లో అయిపోయాయి. బడిలో పిల్లలు వెక్కిరిస్తే నోరీన్ సిగ్గుపడి ఆ పుస్తకం ముట్టలేదు. ఇప్పుడే, సాయంత్రానికి రెండు పేజీల చొప్పున, తనూ మొదటిసారి చదువుతోంది. అవ్వ కంటతడి భక్తి కాదు, తన మాటలు తన చెవిన పడిన సంతోషం. సిలువ గుర్తు వేసుకున్నది, ఇంత బరితెగించి రాశానా అని.

"సరే గానీ, నువ్వెందుకు పూజ చేశావు?" అంది నోరీన్, ఇంకా నవ్వు పూర్తిగా ఆగక. "ఏం కోరుకున్నావు?"

సుబ్బరత్నమ్మ నోరీన్ చెయ్యి పట్టుకుని తన ఎడమ రొమ్ము పక్కన పెట్టుకుంది.

నోరీన్ నవ్వు అక్కడే ఆగిపోయింది. ఆమె మొహం తెల్లకాగితంలా పాలిపోవడం చూసి సుబ్బరత్నమ్మకు నిజంగా భయమేసింది. ఇన్నాళ్లూ వేయనంత భయం.

"ఎన్నాళ్లయింది?"

"మూడు నెల్లు దాటినాది."

"మూడు నెలలు! ఇదే ఇంట్లో ఉంటూ నాకెందుకు చెప్పలేదు?"

"అన్‌ఫిట్ అని పంపించేస్తారని."

"నీ ఇఖామా నా పేరు మీద ఉంది. పంపాల్సింది నేను. పంపుతానా?" అని అరిచింది నోరీన్. అరిచి, వెంటనే ఏడ్చింది. "రేపు పొద్దున్నే ఆసుపత్రికి పోతున్నాం."

ఇక్కడ సుబ్బరత్నమ్మ అన్న మాట వింటే మీరూ నోరు తెరుస్తారు. "ఇంగ రెండు దినాలే ఉండాది మామా. మండలం మధ్యలో ఇడిసిపెడితే అరిష్టం. అయిపోనీ, పోదాం."

"అది కథ రత్నా! కట్టుకథ!"

"పుస్తకం కట్టుకథ కావచ్చు. నా ఉపాసాలు కట్టుకథలా?"

నిజం చెప్పొద్దూ, అందులో మొండితనం సగమే. మిగతా సగం అమ్మను మోసుకొచ్చిన రోజు. రెండు రోజులు గడిస్తే ఇంకో రెండు రోజులకు ఇంకో సాకు దొరికేది.

అవ్వ ఇదంతా చూస్తోంది. ఏమైందని కూతుర్ని గద్దించింది. నోరీన్ ఆమె భాషలో చెప్పింది. అవ్వ వింటూ వింటూ బిగుసుకుపోయింది. నవ్విన మొహం ఏదీ? ఒకసారి తన పుస్తకాన్ని చూసింది. దాని మీద కుంకుమను చూసింది. తను రాసిన అబద్ధాలను పట్టుకుని ఒక మనిషి ప్రాణం పోగొట్టుకుంటోందని అప్పుడర్థమైంది ఆమెకు. ఆ క్షణంలో ఆ గదిలో అందరికన్నా బెదిరిపోయింది అవ్వే. గబగబా ఏదో అంది.

"ఇస్త్రీ పెట్టె పక్కన పెట్టేసి ఆడవాళ్లు నవ్వుకోవాలని రాశానంటోంది" అని నోరీన్ చెప్పింది. "ఇందులో ఒక్క నిజం లేదంటోంది. మందు అసలే లేదంటోంది. పొమ్మంటోంది."

సుబ్బరత్నమ్మ తల అడ్డంగా ఊపింది. "రెండు దినాలు అవ్వా."

అప్పుడు అవ్వ ఎడమ చేత్తో పుస్తకం లాక్కుంది. అట్టను పళ్లతో అదిమి పట్టి, చివరి పేజీలన్నీ ఒక్క గుంజుతో చింపేసింది. నోరీన్ కెవ్వుమంది. ఇంట్లో ఉన్నది ఆ ఒక్క ప్రతే. అవ్వ ఆ కాగితాలను మడిచి కుర్చీలో తన కిందికి తోసుకుని, వాటి మీద గట్టిగా కూచుంది. సుబ్బరత్నమ్మ వైపు వేలు చూపించి రెండు ముక్కలంది.

"ఏమంటాది?"

"నోలా ఎవరిని చేసుకుందో, శవం ఎవరిదో తెలియాలంటే డాక్టరు చీటీ తెచ్చి చూపించాలట. చీటీ లేకపోతే కాగితాలు లేవు. పారాయణం కూడా లేదు."

పుస్తకమే లేకపోతే మండలమేముంది? సుబ్బరత్నమ్మ కాసేపు అవ్వను, అవ్వ కుర్చీని చూసింది. కన్నతల్లి కూడా తనను అలా కట్టడి చెయ్యలేదు. మర్నాడు నోరీన్ సెలవు పెట్టి కారు తీసింది. దారిలో ఖాతూన్ బీని ఎక్కించుకున్నారు.

ఆసుపత్రిలో రొమ్మును యంత్రం మధ్య నొక్కి ఫొటో తీశారు. సూదితో గడ్డలోంచి ముక్క తీశారు. ఫలితం వారానికి వచ్చింది. క్యాన్సరే. డాక్టరమ్మ కాగితం తిప్పి చూపిస్తూ, ఇంకా పక్కకు పాకలేదు, కోసి, మందులిచ్చి, కరెంటు పెడితే బాగవుతుంది అంది. "ఇంకొన్ని నెలలు ఆగి వచ్చుంటే ఈ మాట చెప్పగలిగేదాన్ని కాదు" అని కూడా అంది. ఖాతూన్ బీ ఆ మాటను తెలుగులో రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది. సుబ్బరత్నమ్మ చెవులకు ఒక్క మాటే ఎక్కింది, కోయాలని. తన ముప్పైతొమ్మిది రోజులూ కళ్ల ముందు వరుసగా నిలబడ్డాయి. ఆ రోజుల్లో గడ్డ తన పని తాను చేసుకుపోయింది. తను మాత్రం దానికి నామాలు చదివి వినిపించింది.

ఇంటికొచ్చి చీటీ అవ్వ ఒళ్లో పెట్టింది. అవ్వ అక్షరాలు ఆనక చీటీని వేళ్లతో తడిమింది, కూతుర్ని అడిగి విషయం తెలుసుకుంది. ఒక్క క్షణం కళ్లు మూసుకుంది. తర్వాత మాటకు కట్టుబడి, దిండు కింద దాచిన కాగితాలు తీసి చాచింది.

సుబ్బరత్నమ్మ ఆ చేతిని వెనక్కి తోసింది. "నీకాడే పెట్టుకో అవ్వా. ఇప్పుడొద్దు. కోసినాంక లేసొచ్చి అడుగుతా. అడిగేదానికన్నా లెయ్యాల గదా నేను."

ఆపరేషన్ అయింది. లేచింది. చిన్నపుల్లయ్య ఫోన్లో తెగులు మాట ఎత్తకుండా పది నిమిషాలు ఏడ్చాడు. పెళ్లయ్యాక అతను అంతసేపు మాట్లాడడం అదే మొదలు. పన్నెండో రోజున, చంకలో కుట్ల వల్ల ఎడమ చెయ్యి పైకి లేవక, సోఫాలో దిండ్ల మధ్య కూచుని సుబ్బరత్నమ్మ అడిగింది. "ఇంగ తియ్ అవ్వా కాగితాలు."

నోరీన్ చదివింది. ఒక్కో వరుస వాళ్ల భాషలో, వెంటనే అర్థం. నోలా గుట్టు బయటపడింది. శవం పన్నుల గుమాస్తాది, తాగి బావిలో పడ్డాడు. పడవవాడూ, బ్యాంకువాడూ ఇద్దరూ ఒకే రోజు ఉత్తరాలు రాశారు. రెండు ఉత్తరాలూ విప్పకుండా చేతిలో పట్టుకుని నోలా రేవులో నిలబడింది. రెండు వైపుల నుంచీ ఇద్దరూ వస్తున్నారు. ఆమె నోరు తెరిచింది.

నోరీన్ కాగితం తిప్పింది. అటు వైపు ఖాళీ. కింద చిన్న అక్షరాల్లో ఒక వాక్యం. మిగతాది రెండో పుస్తకంలో అని.

"రెండో పుస్తకం యాడుండాది?" అంది సుబ్బరత్నమ్మ.

నోరీన్ తల్లిని అడిగింది. జవాబు విని మొహం వేలాడేసింది. పుస్తకం అచ్చేసింది ఇద్దరు బడిపంతుళ్లు ఒక కారు షెడ్డులో పెట్టిన ప్రెస్సట. మొదటి పుస్తకం అమ్ముడైనా, పాదిరి మాటకు జడిసి మూసేశారట. అవ్వ రెండోది రాయనే లేదట.

సుబ్బరత్నమ్మ కుట్ల నొప్పి మరిచి నిటారుగా లేచి కూచుంది. అంత దిమ్మెరపాటు క్యాన్సరని చెప్పినప్పుడు కూడా కలగలేదేమో. "లేదా? మొగుడెవురో తెలీనే తెలీదా? మరి ఆ పొద్దు ఏముందని దాసిపెట్టినావే ముసల్దానా? ఏముందని నన్ను తరిమినావు?"

అవ్వ కదిలే సగం మూతితో నవ్వింది. నోరీన్ ఆమె జవాబు చెప్పింది. "ఏమీ లేదు గనకే దాచిందట. లేదని తెలిస్తే నువ్వు వెళ్లేదానివి కాదట."

తాడిని తన్నేవాడుంటే వాడి తల తన్నేవాడుంటాడు. సుబ్బరత్నమ్మ తిట్టబోయింది. కుడి చేత్తో మొహం కప్పుకుని ఏడ్చింది. వాళ్లమ్మ పోయినప్పుడు కూడా ఇంత బాహాటంగా ఏడవలేదు. ఏడుపు మధ్యలో నవ్వొచ్చింది, నవ్వితే కుట్లు లాగాయి, అమ్మా అంది. బతికుండడమంటే ఇదీ అనిపించింది ఆమెకు.

అవ్వ ఆమె తేరుకునేదాకా ఆగింది. తర్వాత గొంతు సవరించుకుని ఏదో మొదలుపెట్టింది. నోరీన్ ఉలిక్కిపడి బల్ల మీది పెన్ను అందుకుంది. "చెప్తోంది రత్నా. నోలా రెండు ఉత్తరాలూ నీళ్లలో పారేసిందట..."

సుబ్బరత్నమ్మ పొద్దున స్నానం చెయ్యలేదు. కాళ్లకు చెప్పులున్నాయి. చేతిలో సగం తాగిన టీ గ్లాసు ఉంది. దండం పెట్టాలని కూడా తోచలేదు. అవ్వ వైపు తిరిగి సర్దుకుని కూచుంది.

"ఊ" అంది.